ఓడ టైము, ఊరి టైము

ఓడల్లో ఇరవై రెండేళ్లు దుప్పట్లుతికిన మనిషి కన్నా ఓడ సంగతి ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరుంటారు? ఆ నమ్మకంతోనే కోడలు ప్రయాణానికి నెలన్నర ముందు నుంచీ నోటుబుక్కు పట్టుకుని బాబాయి ఇంటి చుట్టూ తిరిగింది. బాబాయి ఆమెకి సొంత చిన్నాన్న. నాలుగువేల మంది పట్టే పెద్ద పెద్ద ఓడల్లో అడుగు అంతస్తున, కిటికీ కూడా లేని లాండ్రీలో పనిచేసి, మోకాళ్లు అరిగాక ఒడ్డుకొచ్చి కూర్చున్నాడు. అడిగేవాళ్లు దొరికితే ఆయన నోరు ఆగదు. కోడలి పెన్నూ ఆగలేదు.

కోడలంటే కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల అనుకునేరు. ఆమెకి యాభై రెండేళ్లు. మందుల షాపు కౌంటర్లో ముప్పై ఏళ్లుగా నిలబడి, డాక్టర్ల కోడిగీతలు కళ్లు మూసుకుని చదివేసే మనిషి. అయినా అత్తగారు వీధిలో అందరి దగ్గరా "మా కోడలు, మా కోడలు" అనబట్టి వీధి మొత్తానికీ ఆమె కోడలే అయిపోయింది.

"పెద్ద పెట్టెలు రేవులోనే వాళ్లకి అప్పజెప్పేస్తారమ్మాయ్," అన్నాడు బాబాయి. "గదికి ఎప్పుడొస్తాయో వాళ్లకే తెలీదు. ఒక్కోసారి చీకటి పడ్డాక గానీ రావు. మందులు, కాగితాలు, ఒక జత బట్టలు నీ చేతి సంచీలో ఉండాలి. మందుల సంచీ నీ భుజం దిగడానికి వీల్లేదు."

కోడలు ఆ మాట కింద రెండు గీతలు గీసింది. భుజం దిగకూడదు. ఆ రెండు గీతలే తర్వాత ఆమె ప్రాణం మీదికి తెచ్చాయి.

"ఓడెక్కే ఊరికి ఒక రోజు ముందే చేరండి. అదే రోజు చేరతాం అన్నవాళ్లు ఏడ్చుకుంటూ వెనక్కి పోవడం చూశాను. గది నంబరు ఎక్కడైనా రాసుకోండి. వరండాలన్నీ అచ్చు ఒకేలా ఉంటాయి. ఒకాయన మూడు రోజులు పక్కవాళ్ల తలుపు కొట్టి, నాలుగో రోజు వాళ్లతో స్నేహం కలిపేశాడు. ఫోన్లు గదిలో లాకర్లో పడేయండి, లేకపోతే బిల్లు చూసి గుండె ఆగుతుంది. ఇంక అన్నిటికన్నా ముఖ్యమైంది రాసుకో. ఓడ టైము ఓడదే. ఊళ్లో గడియారం ఎంతైనా చెప్పనీ, నువ్వు వినకు. ఎక్కినరోజు వాచీ ఓడ టైముకి పెట్టుకో. దిగేదాకా దాన్ని ముట్టుకోకు."

"మరి ఊరు చూడ్డానికి దిగితే?"

"ఓడ వాళ్ల బస్సులో వెళ్లావనుకో, బస్సు ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. నీ అంతట నువ్వు వెళ్లావనుకో, ఆగదు. ఏడ్చి మొత్తుకున్నా ఆగదు."

"నిజంగానే వదిలేసి పోతారా బాబాయ్?"

"పోక మరి! ముందు మైకులో పేర్లు పిలుస్తారు. రెండోసారి పిలుస్తారు. తర్వాత ఒక మనిషి మీ గదికొచ్చి, లాకరు తెరిచి, మీ పాస్‌పోర్టులు తీసుకుని కిందికి దిగి రేవు ఆఫీసులో ఇచ్చేస్తాడు. పాపం వెనకాల దిక్కులేకుండా పడి ఉంటారని. పాస్‌పోర్టుల కోసం గదికి మనిషొచ్చాడంటే ఇంక అయిపోయిందన్నమాటే. మెట్లు లాగేస్తారు."

ఆ నోటుబుక్కుని కోడలు రోజూ సాయంత్రం అత్తగారికి చదివి వినిపించేది. అత్తగారికి చదువు రాదు, కానీ వినడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. "ఆ పాస్‌పోర్టుల ముక్క మళ్లీ చదువు," అని అడిగి మరీ చదివించుకుని, రేవులో నోరెళ్లబెట్టుకుని నిలబడ్డ మనుషుల్ని తలుచుకుని పకపకా నవ్వేది.

అసలీ ప్రయాణం ఆవిడ కోసమే. అత్తగారికి డెబ్భై ఎనిమిది. ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూసింది గానీ, ఆవిడకది చాల్లేదు. "ఎటు తిరిగినా నీళ్లే తప్ప ఇంకేమీ కనపడని చోట ఒక్కసారి నిలబడాలి," అని ఎప్పట్నుంచో కోరిక. కొడుకు నవ్వేశాడు. కోడలు నవ్వలేదు. ఎక్కినరోజు ఓడ చీకటి పడ్డాక కదులుతుంది. రెండో రోజు ఒక రేవులో ఆగుతుంది. మూడో రోజు, నాలుగో రోజు పూర్తిగా సముద్రమే, ఎక్కడా ఒడ్డన్నది ఉండదు. అత్తగారు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నది ఆ మూడో రోజు కోసమే.

ఒక్కటే భయం. ఆవిడకి ఫిట్స్ జబ్బుంది. పొద్దున ఎనిమిదింటికి ఒక మాత్ర, సాయంత్రం ఆరింటికి ఒక మాత్ర పడుతుంటే మనిషి బంగారంలా ఉంటుంది. పోయినేడు కోడలు రెండు రోజులు ఊళ్లో లేనప్పుడు, కొడుకు వాచీల్లో పడి మాత్రలివ్వడం మర్చిపోయాడు. మూడో పూటకి ఆవిడ వంటింట్లో నిలువునా పడిపోయి, గట్టు అంచు తగిలి నుదురు చీలింది. తొమ్మిది కుట్లు. ఆ మచ్చ ఇప్పటికీ కనుబొమ్మ పైన తెల్లగా కనపడుతుంది. పోనీ మాత్రలు ఆవిడ చేతికే ఇద్దామంటే, వేసుకున్న సంగతి మర్చిపోయి ఓసారి రెండు పూటలవీ ఒకేసారి మింగింది. అందుకని మాత్రలు కోడలి దగ్గరే ఉంటాయి. సాయంత్రం ఆరయ్యేసరికి అత్తగారు మాట్లాడకుండా కుడి అరచెయ్యి చాపుతుంది. కోడలు అందులో మాత్ర పెడుతుంది. ఓడెక్కేముందు కోడలు ఒక అట్టముక్క మీద గది నంబరు, జబ్బు పేరు ఓడవాళ్ల భాషలో రాయించి ఆవిడ మెడలో దారంతో వేలాడదీసింది. "నన్ను పార్సిల్ చేస్తున్నావేమిటే?" అని అత్తగారు విసుక్కుంది, కానీ తీయలేదు.

ఇక వాచీలాయన సంగతి. కోడలి మొగుణ్ణి వీధిలో అందరూ అలాగే పిలుస్తారు. ముప్పై ఐదేళ్లుగా ఆరడుగుల కొట్టులో, కంటికి భూతద్దం బిగించుకుని వాచీలు బాగుచేస్తున్నాడు. తాగుడు లేదు, పేకాట లేదు. ఒక్కటే రోగం. తప్పు టైము చూపించే గడియారం కంటపడితే ఆ చేతులు ఊరుకోవు. చుట్టాలింటికి వెళ్తే మంచినీళ్లు ముట్టకముందే కుర్చీ ఎక్కి గోడ గడియారం దించేవాడు. ఆస్పత్రిలో తమ్ముడికి ఆపరేషన్ జరుగుతుంటే, పక్కన కూర్చున్న నర్సుని అడిగి మరీ ఆవిడ వాచీ సరిచేసి ఇచ్చాడు. తన చేతికి మాత్రం వాచీ పెట్టుకోడు. పొద్దస్తమానం చూసేది అదేగా అంటాడు.

ఓడెక్కిన రోజే కోడలు తన చేతి వాచీని ఓడ టైముకి పెట్టించుకుని, ఆయన ముక్కు ముందు ఆడించింది.

"ఇది ఓడ టైము. రేపు దిగే ఊరి టైము కన్నా గంట ముందుంటుందట. మీ కంటికి తప్పుగా కనపడుతుంది. కనపడనివ్వండి. ముట్టుకున్నారంటే వేళ్లు విరిచేస్తా."

"నాకా మాత్రం తెలీదా?" అన్నాడాయన.

తెలుసు, ఆయన బుర్రకి బాగానే తెలుసు. ఆ వేళ్లకి చెప్పిందెవరు?

రెండో రోజు పొద్దున ఓడ రేవులో ఆగింది. అత్తగారికి మోకాళ్ల నొప్పి, దిగనంది. ఓడ వాళ్ల బస్సు ఏదో తోటకీ, అక్కణ్ణుంచి బజారుకీ తీసుకెళ్తుందట. వాచీలాయనకి అదేం అక్కర్లేదు. ఆ ఊరి పాతపేటలో మూడొందల ఏళ్లనాటి గడియార స్తంభం ఉందనీ, ఇప్పటికీ ఒక మనిషి మెట్లెక్కి చేత్తో తిప్పి కీ ఇస్తాడనీ ఎక్కడో చదివి, నెలరోజులుగా దాని గురించే కలవరిస్తున్నాడు. కోడలు నోటుబుక్కు తీసి సొంతంగా వెళ్లకూడదన్న పేజీ చూపించింది. ఆయన చిన్నపిల్లాడిలా మొహం పెట్టాడు. ముప్పై ఏళ్ల కాపురంలో నాకిది కావాలని నోరు తెరిచి అడిగింది లేదు. కోడలు మెత్తబడింది.

"నాలుగున్నరకల్లా ఓడలో ఉండాలి. ఐదింటికి కదులుతుంది. మనం మూడింటికే బస్సెక్కాలి, తెలిసిందా?"

"నువ్వెప్పుడు పదమంటే అప్పుడే," అన్నాడు.

అత్తగారు గది కిటికీ పక్క కుర్చీలో సర్దుకుని కూర్చుంది. కిటికీలోంచి కనపడేది రేవు గోడ, ఒక క్రేను మాత్రమే. "నాకేం తొందర లేదు, రేపు చూస్తాగా," అంది. "నెమ్మదిగా వెళ్లి రండి." కోడలు నోటుబుక్కుని బల్ల మీద పెట్టి, అలవాటు ప్రకారం మందుల సంచీ భుజాన వేసుకుంది. ఎందుకు వేసుకున్నావని అడిగేవాళ్లు లేరు. రెండు గీతలు గీసిన మాట కదా! అది పెట్టెలు చేతికొచ్చేదాకా పనికొచ్చే సలహా అని బాబాయికి తెలుసు, రాసుకున్న కోడలికి తట్టలేదు.

ఊరి బస్సులో నలభై నిమిషాలు, మెలికలు తిరిగే గుట్ట దారి. పాతపేట నిజంగానే అందంగా ఉంది. రాళ్లు పరిచిన ఇరుకు వీధులు, మధ్యలో చిన్న చౌరస్తా, దాని మీదికి వంగి చూస్తున్నట్టు గడియార స్తంభం. వాచీలాయన దాని కింద నిలబడి తల పైకెత్తి పావుగంట కదల్లేదు. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని నారింజలు తిన్నారు. చేతులు జిగటగా అయ్యాయని కోడలు వాచీ విప్పి ఆయన చేతికిచ్చి, చౌరస్తాలో ఉన్న కొళాయి దగ్గరికి వెళ్లింది.

తర్వాత తెలిసిన సంగతి ఇప్పుడే చెప్పేసుకుంటే మంచిది. ఆ క్షణంలోనే స్తంభం మీద గంట ఒకటి కొట్టింది. వాచీలాయన కళ్లు ఆ పెద్ద ముళ్ల మీదే ఉన్నాయి, మనసు లోపలి పళ్ల చక్రాల దగ్గర ఉంది. చేతిలో ఉన్న వాచీ రెండు చూపిస్తోంది. బొటనవేలు, చూపుడువేలు వాటంతటవే పక్కనున్న చిన్న బొత్తాన్ని లాగి, గంట వెనక్కి తిప్పి, మళ్లీ నొక్కేశాయి. ముప్పై ఐదేళ్లుగా రోజుకి యాభై సార్లు చేసే పని. తను చేశానన్న ధ్యాస కూడా ఆయనకి లేదు. కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ముళ్ల వైపు చూడకుండానే వాచీ పెట్టుకుంది.

అక్కణ్ణుంచి స్తంభం ఎక్కారు. కీ ఇచ్చే ముసలాయనకీ వీళ్లకీ ఒక్క మాట కూడా కలవదు, కానీ వాచీలాయన ఒక చక్రం వైపు వేలు చూపించి తల అడ్డంగా ఊపగానే ఆ ముసలాయన ముఖం వెలిగిపోయింది. ఇంక ఇద్దరూ అన్నదమ్ముల్లా అయిపోయారు. నూనె డబ్బా తెచ్చాడు, పాత భాగాలున్న పెట్టె తెచ్చాడు. కోడలు మధ్యమధ్యలో వాచీ చూసుకుంటూ ఒక మూల బల్ల మీద కూర్చుంది. రెండుంపావు. ఇంకా టైముంది. రెండున్నర. మొగుడి ముఖంలో ఆ సంతోషం చూస్తుంటే లేపబుద్ధి కాలేదు. మూడుకి లేచి, "ఏమండీ, ఇంక పదండి," అంది. ఆయన వినిపించుకోలేదు. "ఏమండోయ్!" అని గట్టిగా అరిస్తే గానీ కదల్లేదు. వీడ్కోళ్లయి మెట్లు దిగేసరికి మూడుంపావు దాటింది. పరవాలేదు, నాలుగుకల్లా రేవులో ఉంటాం అనుకుంది.

చౌరస్తాలో బస్సు కోసం నిలబడి కోడలు చుట్టూ చూసింది. పొద్దున ఆ వీధి నిండా ఓడలో వచ్చినవాళ్లే, భుజాన ఓడ బొమ్మ ఉన్న నీలం గుడ్డ సంచులతో. ఇప్పుడు ఒక్క నీలం సంచీ కూడా లేదు. ఏదో అనుమానం మనసులో కదిలింది. తలెత్తి స్తంభం చూసింది. మూడూ ఇరవై. చేతి వాచీ చూసుకుంది. మూడూ ఇరవై.

రెండూ ఒకటే.

రెండూ ఒకటి కాకూడదు. రెండూ ఒకటయ్యే ప్రశ్నే లేదు.

"ఏమండీ," అంది, వాచీ ఉన్న చెయ్యి ఆయన ముందుకి చాపి. "ఈ వాచీ ఊరి టైము చూపిస్తోందేమిటి?"

వాచీలాయన వాచీ చూశాడు. స్తంభం చూశాడు. తర్వాత తన కుడిచేతి వేళ్లని చూసుకున్నాడు. ఆ ముఖంలో రక్తం ఇంకిపోవడం కోడలు కళ్లారా చూసింది.

ఓడలో ఇప్పుడు నాలుగూ ఇరవై. ఇంకో పది నిమిషాల్లో లోపల ఉండాలి. ఇంకో నలభై నిమిషాల్లో ఓడ పోతుంది.

కోడలు రోడ్డుకి అడ్డంపడి ఒక టాక్సీని ఆపింది. ఓడెక్కినప్పుడు ఇచ్చిన గది కార్డు డ్రైవరు కళ్ల ముందు పెట్టి, చేతులతో ఓడని, నీళ్లని, పోవడాన్ని చూపించింది. అతను తన గడియారం చూసి, కార్డు చూసి, పళ్లమధ్య నుంచి గాలి పీల్చాడు. ఆ శబ్దానికి ఏ భాషా అడ్డు రాలేదు. కారు దూకినట్టు కదిలింది.

"నేనే తిప్పాను," అన్నాడు వాచీలాయన కొంతసేపటికి. "నువ్వు చేతులు కడుక్కుంటుంటే. తిప్పినట్టు కూడా తెలీదే నాకు, ఒట్టు."

కోడలు తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకి కాస్త ఊపిరాడేది. ముప్పై ఏళ్లలో ఆమె తిట్టని రోజంటే ఆయనకి భయం వేసే రోజే.

గుట్ట దిగేదాకా బాగానే వచ్చింది. కింద వంతెన దగ్గర రోడ్డు తవ్వి, ఒకవైపు నుంచే బళ్లు వదులుతున్నారు. ముందు లారీ, దాని ముందు బస్సు, దాని ముందు ఇంకో లారీ. డ్రైవరు హారన్ మీద అరచెయ్యి పెట్టి తీయలేదు. ఎవరూ కదల్లేదు. కోడలు వాచీ చూసుకుని, గంట కలుపుకుని, మళ్లీ చూసుకుంది. నాలుగూ నలభై.

"పోనీ, రాత్రికి అమ్మ ఒక్కతే పడుకుంటుంది, అంతే కదా," అన్నాడాయన, తనకి తానే ధైర్యం చెప్పుకుంటున్నట్టు. "గదికి భోజనం తెచ్చిస్తారు. మాత్రలు దగ్గరుంటే చాలు. ఓడలో డాక్టరున్నాడు, మెడలో అట్ట ఉంది…"

కోడలు భుజానున్న సంచీని ఒళ్లోకి తీసుకుంది. జిప్పు తెరిచింది. మాత్రల డబ్బా పైనే ఉంది.

వాచీలాయన దాన్ని చూసి, ముందుకి వంగి డ్రైవరు భుజం గబగబా తట్టాడు.

"భుజం దిగకూడదని రాసుకున్నాను," అంది కోడలు. కన్నీళ్లు వాటంతటవే కారిపోతున్నాయి. "రాసుకున్నదల్లా చేశాను చూడండి. ఎంత బుద్ధిమంతురాలినో! నాలుగు మాత్రలు ఆ గదిలో పెట్టి రావడానికి నాకేం రోగం? మందుల షాపులో ముప్పై ఏళ్లు! నన్ను చెప్పుతో కొట్టాలి."

ఆమె కళ్లముందు కనపడుతున్నదంతా ఆ గదే. మైకులో తమ పేర్లు పిలుస్తుంటారు. ఆ భాషలో తమ పేర్లు ఎంత వంకరగా వినపడతాయో, అత్తగారికి అర్థమే కాదు. ఆరవుతుంది. ఆవిడ అరచెయ్యి చాపుతుంది. ఎదురుగా ఎవరూ ఉండరు. రేపు పొద్దున ఎనిమిదవుతుంది. సాయంత్రం ఆరవుతుంది. పోయినేడు మూడో పూటకే పడింది. తర్వాతి రేవు ఐదో రోజున. గదిలో బల్లకి ఇనుప అంచుంది, స్నానాల గది గడపకి ఇనుప అంచుంది. అవన్నీ కోడలు మొదటిరోజే చూసి పెట్టుకుంది. ఎవరు లేపుతారు ఆవిణ్ణి?

లారీ కదిలింది. వంతెన దాటింది. డ్రైవరు సందుల్లోకి తిప్పాడు, ఎవరివో చెత్త డబ్బాలు పడగొట్టాడు, వెనక్కి తిరిగి చూడలేదు. నాలుగూ యాభై. గిడ్డంగుల వెనక నుంచి తెల్లగా, ఎత్తుగా, ఓడ పై అంతస్తులు కనపడ్డాయి.

"ఉంది, ఉంది! ఇంకా ఉంది!" అని వాచీలాయన సీటులోంచి లేవబోయి తల కొట్టుకున్నాడు.

అప్పుడే ఓడ హారన్ మోగింది. కారు రేవు గేటు దగ్గర ఆగీ ఆగకముందే కోడలు తలుపు తీసి దిగి పరిగెత్తింది. చేతికందిన నోట్లు డ్రైవరు ఒళ్లో పడేసి వాచీలాయన వెనకపడ్డాడు. యాభై రెండేళ్లలో ఆమె ఇంత దూరం పరిగెత్తింది లేదు. సంచీ నడుముకి కొట్టుకుంటోంది, అందులో మాత్రలు గలగలమంటున్నాయి. గిడ్డంగి మలుపు తిరిగింది.

మెట్లు లేవు. తాళ్లు లేవు. ఓడకీ రేవు గోడకీ మధ్య నీళ్లు కనపడ్డాయి. మొదట వీధంత వెడల్పు, చూస్తుండగానే మైదానమంత వెడల్పు. పైన జనం రెయిలింగు పట్టుకుని చేతులూపుతున్నారు. కొందరు చప్పట్లు కొడుతున్నారు. బాబాయి చెప్పింది చెప్పినట్టే జరుగుతోంది.

"అత్తయ్యా!" అని కోడలు అరిచింది. "ఆపండయ్యా! ముసలావిడ ఉంది, మాత్రలు… ఆపండి!" డబ్బా తీసి తలపైన ఊపింది. వాచీలాయన ఆమెని పట్టుకోకపోతే అంచు దాకా వెళ్లిపోయేదే. ఆయన ఏడుస్తున్నాడు. అరవై ఏళ్ల మగాడు, రేవు గోడ మీద నిలబడి, "అమ్మా, అమ్మా," అంటూ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. రేవు కాపలా మనిషి. ఓడని చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు. తర్వాత వీళ్లిద్దరినీ వేలితో చూపించి, నవ్వీ నవ్వనట్టు నవ్వి, రమ్మని సైగ చేశాడు. పాస్‌పోర్టులిస్తాడు కాబోలు అనుకుంది కోడలు. పాస్‌పోర్టులు ఏం చేసుకోను నేను? అయినా కాళ్లు అతని వెనకాల నడిచాయి.

రేవు ఆఫీసు ఒకటే గది. రెండు బల్లలు, ఒక ఫ్యాను, గోడకొక గడియారం. కిటికీ కింద ప్లాస్టిక్ కుర్చీలో, కర్రని రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని, ఒళ్లో మూడు పాస్‌పోర్టులతో అత్తగారు కూర్చుని ఉంది.

కోడలు ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి, రెండు మోకాళ్లూ పట్టుకుని, ముఖం ఆ చీరలో దాచేసుకుంది.

"వచ్చారా?" అంది అత్తగారు. "పరిగెత్తారా ఏమిటి? ముందు ఊపిరి పీల్చుకోండి. ఒరేయ్, ఆ కూజాలో నీళ్లున్నాయి, దానికియ్యి, నువ్వూ తాగు."

"మీరెలా దిగారత్తయ్యా? ఎవరు దించారు?"

"ఎవరు దించేదేమిటి? తెల్లబట్టలాయన ఒకడు గదికొచ్చి, ఏదో గొణిగి, లాకరు తెరిచి పాస్‌పోర్టులు తీశాడు. నువ్వు నెలరోజులు చదివావు కదే! పాస్‌పోర్టులకి మనిషొచ్చాడంటే అయిపోయినట్టేనని. రెండు తీసుకుని మూడోది లోపల పెట్టబోతున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నా. మూడోది కూడా తియ్యమన్నా."

"మీ మాట ఆయనకెలా అర్థమైంది?"

"చెయ్యి వదల్లేదు. వదలకపోతే ఎవడికైనా అర్థమవుతుంది. కింద ఇంకో పెద్దాయనొచ్చి, ఈ అట్ట చదివి, తిరిగి లోపలికి వెళ్లమని బతిమాలాడు. డాక్టరమ్మని పిలిపించాడు. మంచిదే పాపం, నా బుగ్గ నిమిరింది. నేను మెట్ల మధ్యలో కూర్చున్నా. నన్ను దించకుండా మెట్లెలా లాగుతారో చూద్దామని." ఆవిడ కుర్చీ పక్కన పెట్టుకున్న చేతి సంచీలోంచి నోటుబుక్కు తీసింది. "పెట్టెలు మొయ్యలేకపోయాను. బల్ల మీద నీ పుస్తకం ఉంటే అదొక్కటీ తెచ్చా. మళ్లీ పనికొస్తుందేమో."

ఆ నోటుబుక్కు చూసేసరికి కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. "రేపు కదత్తయ్యా మీ సముద్రం! రేపే కదా!"

అత్తగారు కిటికీలోంచి బయటికి చూసింది. ఓడ చిన్నదైపోయి, చూస్తుండగానే రేవు గోడ చివర దాటి మలుపు తిరిగింది. ఆవిడ అది కనపడకుండా పోయేదాకా చూసింది.

"బాధ లేదని అబద్ధమెందుకు చెప్పాలి?" అంది. "ఉంది. ఈ వయసులో మళ్లీ ఎక్కుతానా ఏమన్నానా? కానీ మీ ఇద్దర్నీ ఊరుకాని ఊళ్లో వదిలేసి, అక్కడ కూర్చుని నీళ్లు చూడమంటావా? చూసినా కనపడతాయా నాకు?"

కోడలు ఆవిడ చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది.

"అమ్మా," అన్నాడు వాచీలాయన తలుపు దగ్గర నుంచే. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు. "నేనే వాచీ తిప్పాను."

"తెలుసులేరా. ఇంకెవడు తిప్పుతాడు? వచ్చి కూర్చో."

ఆయన వచ్చి కూర్చున్నాడు. అత్తగారు కోడలి వైపు తిరిగి, మాట్లాడకుండా కుడి అరచెయ్యి చాపింది.

"ఓడ టైముకి చూసినా ఇంకా ముప్పావుగంట ఉందత్తయ్యా," అంది కోడలు ముక్కు తుడుచుకుంటూ.

"ఇచ్చెయ్యవే తల్లీ. ఇవాళ్టికి టైముతో నేను వేగలేను."

కోడలు డబ్బా తెరిచి ఆ అరచేతిలో మాత్ర పెట్టింది. పెట్టాక కూడా ఆ వేళ్లని కాసేపు వదల్లేదు. అత్తగారు మాత్ర వేసుకుని, కూజా నీళ్లు తాగి, కర్ర మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది. బల్ల దగ్గరాయన ఎవరికో ఫోన్ చేసి వీళ్ల పేర్లు వంకరగా చదువుతున్నాడు.

గోడ మీద గడియారం నాలుగు నిమిషాలు వెనకుంది. వాచీలాయన దాన్ని చూశాడు. కోడలి చేతి వాచీ చూశాడు. మళ్లీ గోడ చూశాడు. తనకి తెలియకుండానే సగం లేచాడు. కోడలు తలెత్తింది. అత్తగారు ఒక కన్ను తెరిచింది. ఆయన రెండు చేతులూ చంకల్లో బిగించి పెట్టుకుని మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.